మోకాలికి కరిగే స్క్రూనా, టైటానియమా?

రామంతపూర్ రవళి: మా తమ్ముడు కబడ్డీ ఆడుతూ పడ్డాడు. మోకాలి లోపలి లిగమెంటు తెగింది. వచ్చే వారం ఆపరేషన్. కొత్త లిగమెంటును ఎముకలో బిగించడానికి టైటానియం స్క్రూ వేయాలా, కరిగిపోయేది వేయాలా అని డాక్టరు మమ్మల్నే అడుగుతున్నారు. కరిగేదాని ఖరీదు ఎక్కువ చెప్పారు. వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నల్లకుంట మాస్టారు: నేనున్నాను. రెండేళ్లకు మోకాటి చిప్పకు నాలుగు వేళ్ల కింద ఉసిరికాయంత బుడిపె లేచింది. కోసి చూస్తే జిగురు నీళ్లు, వాటిలో స్క్రూ ముక్కలు. మర చుట్లు కూడా అరగలేదు. టైటానియమే వేయించండమ్మా.

తార్నాక పాలిమర్: అసలు 'కరగడం' అనే మాటే తప్పు. పంచదారలా కరగదు. స్క్రూ ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌ది. నీరు లోపలికి ఇంకి దాని అణువుల పొడవాటి గొలుసులను ముక్కలు చేస్తుంది. చివరికి మిగిలేది లాక్టిక్ ఆమ్లం, పెరుగులో పులుపు అదే. దాన్ని ఒళ్లు బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చేస్తుంది. స్క్రూ పాలీ ఎల్ లాక్టైడ్ అనే పాలిమర్‌ది అయితే ఇదంతా జరగడానికి 3 నుంచి 5 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. రెండేళ్లకు ముక్కలు కనిపించడంలో వింత లేదు.

నల్లకుంట మాస్టారు: వింత లేదా! బుడిపె లేచింది మీ కాలికి కాదు కదా.

ఉప్పల్ షటిల్: మా ఆవిడ సిజేరియన్‌కు కరిగే దారంతోనే కుట్లు వేశారు. ఏమీ కాలేదు.

తార్నాక పాలిమర్: దారం వేరండీ. పాలీగ్లాక్టిన్ దారం 56 నుంచి 70 రోజుల్లో పోతుంది, సన్నగా ఉంటుంది గనక పుట్టిన ఆమ్లం ఎప్పటికప్పుడు బయటపడుతుంది. స్క్రూ లావు. నడుమ పుట్టిన ఆమ్లం అక్కడే చిక్కుకుంటుంది. అందుకే కొన్నింటిలో కాల్షియం ఫాస్ఫేట్ కలుపుతారు, ఆమ్లం ఘాటు తగ్గుతుంది. 1980లలో ఫిన్లాండ్‌లో విరిగిన చీలమండలకు పాలీగ్లైకోలిక్ ఆమ్లం అనే కరిగే పాలిమర్ కడ్డీలు వేస్తే, కొందరికి వాపు వచ్చి ద్రవం కారింది. ఆ అనుభవంతోనే ఇంత దూరం వచ్చాం.

నల్లకుంట మాస్టారు: అంటే అప్పుడే తెలుసన్నమాట. మరి నాకెందుకు చెప్పలేదు?

తార్నాక పాలిమర్: ఎక్కువమందికి ఏమీ కాదు కాబట్టి. టైటానియానికి మాత్రం చిక్కులు లేవా? ఎమ్మారైలో దాని చుట్టూ బొమ్మ చెదిరిపోతుంది. లిగమెంటు మళ్లీ తెగితే ముందు దాన్ని ఊడదీయాల్సి రావచ్చు. ఒక్క బుడిపె చూపించి పాలిమర్లన్నిటినీ తిట్టకండి.

నల్లకుంట మాస్టారు: ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఒక్క ఉదాహరణ రుజువు కాదని మీరు నేర్పనక్కరలేదు. స్కూటర్ మీంచి పడి వెళితే, థియేటర్ గుమ్మంలో కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. నా కళ్లద్దాలు మా అబ్బాయి దగ్గరున్నాయి. ఏ స్క్రూ వేశారో తరవాత బిల్లులో చూశాను. అడిగితే "కరిగిపోతుంది లెండి" అన్నారు. బుడిపె చూపిస్తే "మీ ఒంటి తత్వం" అన్నారు. ఇప్పుడు మీరు "వింత లేదు" అంటున్నారు.

తార్నాక పాలిమర్: అది పాలిమర్ తప్పు కాదు కదా మాస్టారూ.

నల్లకుంట మాస్టారు: అన్నానా?

ఉప్పల్ షటిల్: మొదటి మాటే "టైటానియమే వేయించండి" అన్నారు.

రామంతపూర్ రవళి: అందరికీ నమస్కారం. స్క్రూ ఏ పాలిమర్‌తో చేశారు, కాల్షియం కలిసిందా అని డాక్టరు గారిని అడిగాను. పెట్టె చూసి రేపు చెబుతానన్నారు. సంతకం కాగితం ముందే ఇంటికి తెచ్చుకున్నాను.

తార్నాక పాలిమర్: అందులో స్క్రూ రకం రాసి ఉందా?

రామంతపూర్ రవళి: లేదండీ. 'ఇంప్లాంటు' అని మాత్రమే ఉంది.