అప్‌డేట్: మా బాల్ పైథాన్‌ది (పెంపుడు కొండచిలువ) కుబుసం సమస్య కాదు

నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, ముక్కు దగ్గర బుడగలొస్తున్నాయి, కుబుసం విడిచే ముందు ఇది మామూలేనా అని అడిగింది నేనే. కాదు, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్. పాములకు మనలా దగ్గడం రాదు, కఫం లోపలే పేరుకుంటుంది. డాక్టర్ గారు సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాశారు. 72 గంటలకొకటి, ఒంటి ముందు భాగంలోనే. తోకవైపు ఇస్తే మందు ముందుగా కిడ్నీలకు పోవచ్చట.

చలికే ఇలా అయినట్టుంది. బెజవాడ ఎండల్లో పాముకు చలేంటని నవ్వకండి, గదిలో రాత్రంతా ఏసీ మరి! ఇప్పుడు పెట్టెలో వెచ్చని వైపు 32 డిగ్రీలు, చల్లని వైపు 26, థర్మోస్టాట్‌తో. పసుపు నీళ్లు పట్టమన్న అన్నగారూ, అవి శ్వాసనాళంలోకి పోతే ప్రాణానికే ముప్పండీ.

బుడగలు ఆగాయి. ఎలుకను ఇంకా ముట్టలేదు కానీ బరువు తగ్గలేదు, టెన్షన్ లేదు. ఇంజెక్షన్ల కోర్సు ఇంకా ఉంది.