గీతల్లేని రాతలు చూసి వెయ్యేళ్ల నాటి చర్చి పాట ఎలా పాడేస్తున్నారు? ఊహేనా?

శ్రుతిపెట్టె:

యూట్యూబ్‌లో ఒక చిన్న వీడియో కనపడింది. ఇద్దరు కుర్రాళ్లు నిలబడి లాటిన్‌లో రెండు వేర్వేరు వరసలు కలిపి పాడుతున్నారు. రెండు గొంతులకి రాసిన పాటల్లో ఇప్పటిదాకా దొరికినవాటిలో ఇదే పాతదట, క్రీ.శ. 900 ప్రాంతానిదట, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉందట. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ పేజీ ఫోటో చూశాక బుర్ర తిరిగింది. స్వరం ఎత్తు చూపించే స్టాఫ్ గీతలు లేవు, స్వరాల పేర్లు లేవు, ఏదో పుస్తకం చివర మిగిలిన ఖాళీలో నిలువు గీతలు, చిన్న చిన్న సున్నాలు, అంతే.

నేను కొన్నేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మన దగ్గర స్వరం రాసి ఉన్నా గురువు పాడి వినిపిస్తే గానీ కీర్తన నోటికి రాదు. వీళ్లకి వినిపించేవాళ్లు పోయి వెయ్యేళ్లయింది. మరి ఏ స్వరం పాడాలో ఎలా తెలుస్తోంది? తెలిసినంత పాడి మిగతాది ఊహించేస్తున్నారా? ఇంకోటి, ఈ పాత సంగీతం గురించి ఎక్కడ చదివినా చిరిగిన పేజీ, అట్టలో దొరికిన ముక్క అనే ఉంటుంది. పూర్తి పుస్తకాలు ఏమయ్యాయి?

పాతతోలుపత్రం:

మీరు చూసింది హార్లే 3019 అనే రాతప్రతి. అందులో ఉన్నది సంగీతం కాదు, ఫ్రాన్స్‌లోని రాంస్ ఊరి బిషప్ మాటర్నియానస్ జీవితచరిత్ర. చివర్లో ఖాళీ మిగిలితే ఎవరో సెయింట్ బోనిఫేస్ మీద ఒక చిన్న ప్రార్థనని రెండు గొంతులకి అక్కడ ఇరికించారు. లైబ్రరీ వాళ్ల దగ్గర ఆ పుస్తకం ఎప్పటినుంచో ఉంది, ఆ గీతలేంటో ఎవరూ పట్టించుకోలేదు. కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేస్తూ అక్కడ ఇంటర్న్‌గా ఉన్న జొవానీ వరెల్లి చూసి, ఇది ఒక వరస కాదు, రెండు వరసలు అని పట్టుకున్నాడు. ఆయన తొలికాలపు నొటేషన్ మీదే పని చేస్తున్నాడు కాబట్టి కన్ను పడింది. 2014 డిసెంబరులో వార్త బయటికొచ్చింది.

నాకు ఇందులో బాగా నచ్చింది ఊరు కనిపెట్టిన పద్ధతి. ఆ పేజీ పైన ఇంకొకరి చేతిరాతలో, ఈ పండగ డిసెంబరు 1న జరుపుతారు అని ఒక ముక్క ఉంది. మాటర్నియానస్ పండగని ఉత్తర ఐరోపాలో చాలా మఠాలు ఏప్రిల్ 30న చేసేవి, డిసెంబరు 1న చేసేవి వాయవ్య జర్మనీలో ఏవో కొన్ని మాత్రమే. దాంతో పాడర్‌బార్న్, డ్యుసెల్‌డార్ఫ్ చుట్టుపక్కల అయ్యుంటుందని తేల్చారు. నొటేషన్ తీరు కూడా ఆ ప్రాంతానికి సరిపోయింది.

"అతి పాతది" అన్నమాటకి చిన్న సవరణ. రెండు గొంతులు ఎలా కలపాలో చెప్పే శాస్త్రగ్రంథం, మ్యూజికా ఎంకిరియాడిస్, 9వ శతాబ్దం చివరిది, అందులో ఉదాహరణలున్నాయి. అవి పాఠాలు. ఇది పాడటానికి రాసుకున్న పాట, అందుకే దీనికి ఆ పేరు. దీనికి ముందు ఆ స్థానం ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో 1000 ప్రాంతంలో రాసిన పాటల పుస్తకానిది.

ఇక మీ అసలు ప్రశ్న. మ్యూజికా ఎంకిరియాడిస్ చెప్పే పద్ధతి మీకు వెంటనే అర్థమవుతుంది. ఇద్దరూ షడ్జమం దగ్గర మొదలుపెడతారు. అసలు పాట పాడేవాడు స రి గ మ అని ఎక్కుతుంటే కింది గొంతు షడ్జమం మీదే నిలబడి ఉంటుంది. మధ్యమం వచ్చేసరికి ఇద్దరి మధ్య నాలుగు స్వరాల దూరం ఏర్పడింది కదా, అక్కణ్ణుంచి అదే దూరం పాటిస్తూ ఇద్దరూ కలిసి కదులుతారు, వాక్యం చివర మళ్లీ ఒకే స్వరం మీదకి చేరతారు. ఎప్పుడూ అదే దూరంలో పోతే ఒక్కోచోట మధ్యమానికీ నిషాదానికీ మధ్య ఉండే ఆ కరకు దూరం తగులుతుంది, అది తప్పించడానికే కింది గొంతుని కొన్ని స్వరాల కిందికి దిగనివ్వరు. ఇన్ని కట్టుబాట్లున్నాయి కాబట్టి కింది గొంతుకి ఎక్కడైనా మిగిలే దారులు తక్కువ. బోనిఫేస్ పాటలో తమాషా ఏంటంటే రాసినవాడు ఈ నియమాల్ని అక్కడక్కడ మీరాడు. అంటే ముందు పుస్తకంలో నియమం పుట్టి, తర్వాత పాడేవాళ్లు దాన్ని నేర్చుకున్నారన్న పాత కథ అంత నమ్మదగ్గది కాదు.

ఆల్టో_గొంతు:

పై జవాబు బాగుంది గానీ వించెస్టర్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు తలనొప్పి అంతా అక్కడే ఉంది. కేంబ్రిడ్జ్ కార్పస్ క్రిస్టి కాలేజీలో 473 నంబరు పుస్తకం. వించెస్టర్‌లోని ఓల్డ్ మిన్‌స్టర్ అనే చర్చిలో పాటల బాధ్యత చూసేవాడు చేతిలో పట్టుకోడానికి రాసుకున్న చిన్న పుస్తకం అది, అందులో నూట అరవైకి పైగా రెండు గొంతుల పాటలున్నాయి. కానీ రాసింది రెండో గొంతు ఒక్కటే! మొదటి గొంతు అందరికీ కంఠతా వచ్చు కాబట్టి పక్కన రాయలేదు. రాసిన రెండో గొంతుకి కూడా ఎత్తు లేదు. న్యూమ్ అనే గుర్తు చూస్తే "ఈ అక్షరానికి రెండు స్వరాలు, రెండోది పైకి" అని తెలుస్తుంది. ఎంత పైకో తెలీదు.

అప్పుడేం చేస్తారంటే, ఆ చాంట్, అంటే మొదటి గొంతు పాడే అసలు చర్చి పాట, తర్వాతి శతాబ్దాల్లో గీతల మీద రాసిన ప్రతుల్లో దొరుకుతుంది, అక్కణ్ణుంచి మొదటి గొంతు తెచ్చుకుంటారు. రెండో గొంతు న్యూమ్‌లని దాని కింద పేర్చి, పైన చెప్పిన నియమాల ప్రకారం ఒక్కో స్వరం నింపుకుంటూ పోతారు. ఆ గుర్తుల పక్కన అక్కడక్కడ చిన్న లాటిన్ అక్షరాలు కూడా ఉంటాయి. "ఇ" అంటే ముందు స్వరంతో సమానం, "ఎస్", "ఎల్" అంటే పైకి, "ఐ" అంటే కిందికి. ఒక్క "ఇ" కనపడితే చాలు, మూడు దారులున్నచోట ఒక్కటే మిగులుతుంది. ఆండ్రియాస్ హోల్‌ష్నైడర్ 1968లో దీని మీద పెద్ద పుస్తకం వేశాడు, సూసన్ రాంకిన్ 2007లో మొత్తం ఫోటోలతో అచ్చు వేయించారు.

ఇదంతా స్వరాల వరకే. లయ మాత్రం ఎవరికీ తెలీదు. ఎంత వేగం, ఒక్కో వరసకి ఎంతమంది, స్వరం మీద ఎంతసేపు నిలవాలి, ఆ పేజీ వీటి గురించి ఏమీ చెప్పదు. నేను పాడే బృందంలో ఒకసారి ఇలాంటి పాట తీసుకుంటే స్వరాలు ఒక సాయంత్రానికే వచ్చేశాయి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలన్న దాని మీద మాత్రం వారాల తరబడి కొట్లాడుకున్నాం.

అడ్డప్రశ్న:

మర్యాదగా చుట్టూ తిప్పి చెప్తున్నారు గానీ, ఊహ అని ఒప్పుకోవచ్చు కదండీ. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి, రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్లు కొత్తగా వరసలు కట్టారు, మనం హాయిగా పాడుకుంటున్నాం, ఇదే అన్నమయ్య పాడిన వరస అని బుద్ధున్నవాడెవడూ అనడు. వీళ్లేమో "వెయ్యేళ్ల తర్వాత మళ్లీ వినపడిన గొంతు" అని సీడీ అట్ట మీద వేసుకుంటారు. నాకు చిరాకు అక్కడే.

పాతతోలుపత్రం:

సీడీ అట్ట విషయంలో మీతోనే ఉన్నాను. పోలిక మాత్రం కుదరదు. రాగిరేకు మీద రాగం పేరు తప్ప వరస గురించి ఇంకేమీ లేదు. వించెస్టర్ పేజీలో ప్రతి అక్షరానికీ ఎన్ని స్వరాలు, ఏది పైకి, ఏది కిందికి అని ఉంది, రెండో ఆధారంగా అసలు చాంట్ ఉంది, మూడోది నియమాలు. కాబట్టి ఇద్దరు పండితులు విడివిడిగా కూర్చుని తిరగరాస్తే చాలా చోట్ల ఒకేలా వస్తుంది, తేడాపడే చోట్లు ఫలానావి అని వేలు పెట్టి చూపించొచ్చు. అలా వేలు పెట్టి చూపించగలిగినప్పుడు దాన్ని ఉత్త ఊహ అనలేం.

శ్రుతిపెట్టె గారి రెండో ప్రశ్న మిగిలిపోయింది. తోలు పత్రం అంటే గొర్రె చర్మమో దూడ చర్మమో, ఖరీదైన సరుకు. 11వ శతాబ్దంలో గ్విడో అనే ఇటలీ సన్యాసి పేరు మీద గీతల నొటేషన్ వ్యాపించాక పాత గుర్తులు చదివేవాళ్లు తగ్గిపోయారు. చదవలేని పాటల పుస్తకం ఎవరిక్కావాలి? తోలు గట్టిగా ఉంటుంది కాబట్టి విప్పేసి, ముక్కలు కోసి, వేరే పుస్తకాల అట్టలకి, వెన్నుకి వాడేశారు. ఇంగ్లండ్‌లో 1536 నుంచి 1540 దాకా మఠాలు మూయించినప్పుడు ఇంకా పోయాయి. వూస్టర్ ఫ్రాగ్మెంట్స్ అని 13, 14 శతాబ్దాల పాటలున్నాయి, కాలం తర్వాతిదే అయినా కథ ఇదే. వూస్టర్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో, లండన్‌లో వేర్వేరు పుస్తకాల అట్టల్లోంచి తీసి, ఇది ఆ పేజీకి జత, ఇది ఈ పేజీకి జత అని కలిపారు. ఒక్కోచోట ఒక గొంతు ఉన్న పేజీ దొరికింది, ఎదురుగా ఉండాల్సిన పేజీ దొరకలేదు.

బైండింగ్ చేసినవాణ్ణి తిట్టుకోవాలో దండం పెట్టాలో తెలీదు, ఎందుకంటే అట్టలోకి వెళ్లనివి చాలావరకు అసలే మిగల్లేదు. జాగ్రత్తగా దాచినవి కూడా పోయాయి. ఫ్రాన్స్‌లోని షార్త్రలో 11వ శతాబ్దపు రెండు గొంతుల పాటలున్న ప్రతులు నగర గ్రంథాలయంలో ఉండేవి, 1944 మే 26న బాంబులు పడి లైబ్రరీ తగలబడింది. అంతకుముందు తీసిన ఫోటోలు ఉండబట్టి కొన్నయినా ఇవాళ చదవగలుగుతున్నాం.

ఆల్టో_గొంతు:

పోయిన పేజీ తిరిగొచ్చిన కేసు కూడా ఒకటుంది. రెండు గొంతుల పాట కాదు గానీ చెప్పకుండా ఉండలేను. కేంబ్రిడ్జ్‌లోని 11వ శతాబ్దపు ఒక పాటల ప్రతి నుంచి 1840లలో ఒక జర్మన్ పండితుడు ఒక ఆకు చించుకుపోయాడు. 1982లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ఇంగ్లీషు పండితురాలు దాన్ని గుర్తుపట్టారు. బొయెథియస్ అనే పాతకాలపు రోమన్ తత్వవేత్త పద్యాలకి న్యూమ్‌లున్న ఆకు అది. దాని ఆధారంతోనే కేంబ్రిడ్జ్ సంగీత పండితుడు సామ్ బారెట్, గాయకుడు బెంజమిన్ బాగ్బీతో కలిసి 2016లో ఆ పాటలు పాడించగలిగారు. బాగ్బీ గొంతుతో పాడి చూసి, ఇక్కడ ఇలా తిరగడం కుదరదు, అలా అయితే చేతిలో వీణ లాంటి వాద్యానికి అందదు అని చెప్తుంటే బారెట్ మార్చుకుంటూ పోయారట. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కలిగింది ఇలాంటివి చూసే.

శ్రుతిపెట్టె:

చాలా థాంక్స్ అందరికీ. స రి గ మ ఉదాహరణ చెల్లి చేత కింది షడ్జమం పట్టించి పాడి చూశాను, మధ్యమం దగ్గర ఇద్దరం కలిసి కదలడం మొదలయ్యేసరికి ఒళ్లు జలదరించింది. ఈ పేజీలు డబ్బు కట్టకుండా చూసే వీలుందా?

పాతతోలుపత్రం:

ఉంది. కార్పస్ క్రిస్టి కాలేజీ వాళ్ల పార్కర్ లైబ్రరీ సైట్‌లో 473 అని కొట్టండి, వించెస్టర్ పుస్తకం మొత్తం ఉచితం, బాగా దగ్గరికి జూమ్ చేసుకోవచ్చు. మధ్యయుగపు రెండు మూడు గొంతుల సంగీతానికి డియామ్ అనే డిజిటల్ భండారం ఉంది, 1998లో మొదలైంది, పేరు నమోదు చేసుకుంటే చాలు, వూస్టర్ ముక్కలకి అక్కడ వెతకండి. బ్రిటిష్ లైబ్రరీ సైట్‌ని 2023 అక్టోబరులో హ్యాకర్లు దెబ్బ కొట్టారు, రాతప్రతుల ఫోటోలు విడతలవారీగా తిరిగి పెడుతున్నారు, హార్లే 3019 అక్కడ రాకపోతే 2014 నాటి కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వార్తలో ఆ పేజీ ఫోటో చూడండి. ముందు 473 తెరిచి ఆ చిన్న "ఇ"లు ఎక్కడెక్కడున్నాయో వెతకండి, తక్కినవి తర్వాత.