కొల్లేరు పక్క ఊరి చెరువుల్లో గంబూసియా చేపలు వదలొచ్చా?

కొల్లేటి బుల్లోడు:
కైకలూరు దగ్గర మాది. దోమలు చంపేస్తున్నాయి, సాయంత్రం ఆరైతే తలుపులేసుకోవాల్సిందే. పంచాయతీ వాళ్ళనడిగి చెరువులో దోమపిల్లల్ని తినే గంబూసియా చేపపిల్లల్ని వదిలిద్దామనుకుంటున్నాం. మా బావేమో వద్దంటాడు, అభయారణ్యం పక్కనే కదా పురుగులు పోతాయంట. పోతే మనకేంటి నష్టం?

తూనీగ తోక:
మీ బావ కరెక్టే బ్రో. అది దోమపిల్లల్నే ఏరుకుని తినదు, నోట్లో పట్టేదల్లా తింటది, తూనీగ పిల్లల్తో సహా. తూనీగ రెక్కలొచ్చేదాకా నీళ్ళలోనే పెరుగుద్ది, తినేదేమో దోమపిల్లల్ని. చెరువు అంచున గడ్డి కింద టీ జల్లెడతో దేవి తెల్లగిన్నెలో వేసి చూడు, బురదరంగులో కదలకుండా పడుంటది, ఏదన్నా దగ్గరికొస్తే మడిచి పెట్టుకున్న కింది పెదవిని చెయ్యి చాపినట్టు విసిరి లాగేసుకుంటది. కంటికి ఆనదు కూడా.

గట్టు మీద కొంగ:
హైదరాబాద్‌లో కూర్చుని ఎన్నైనా చెప్తారు. పోయినేడు మా పాపకి డెంగీ వచ్చి వారం ఆస్పత్రిలో ఉన్నాం, అప్పుడేమయ్యాయి నీ తూనీగలు? 1928లో మన దేశానికొచ్చిన చేప, అప్పట్నుంచీ వాడుతూనే ఉన్నారు.

తూనీగ తోక:
పాప ఇప్పుడు బానే ఉందా అన్నా? కానీ డెంగీ దోమ చెరువులో పెరగదుగా, కూలరూ టైర్లూ డాబా మీద డ్రమ్మూ దాని ఇల్లు. చెరువులో లారీడు చేపలు పోసినా దానికేం కాదు.

గట్టు మీద కొంగ:
బానే ఉంది. సరే డెంగీ వదిలెయ్, మిగతా దోమలో?

పాత మాస్టారు:
బాబూ, పాడుబడ్డ బావిలోనో సిమెంటు తొట్లోనో గంబూసియా వేస్తే నాకేం పేచీ లేదు, అక్కణ్ణించి ఎటూ పోదు. మన చెరువులు అలా కాదే. బుడమేరో తమ్మిలేరో పొంగిందంటే ఊరి చెరువూ కొల్లేరూ ఒకటే నీళ్ళు, చేప నేరుగా 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలోకే. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ లిస్టులో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు, ఏటా జనవరిలో పక్షుల్ని లెక్కపెడతారు, ఆటపాకలో గూడబాతులకి ఫోటోలు తీస్తారు. తూనీగని ఎవడు లెక్కపెట్టాడు? గుర్రపుడెక్కని తినడానికి 1980ల్లో ముక్కుపురుగుల్ని తెచ్చినప్పుడు, అవి వేరే మొక్కల జోలికి పోవని పరీక్ష చేశాకే వదిలారు. చేపకి ఆ పాటి పరీక్ష కూడా లేకపోయె.

కొల్లేటి బుల్లోడు:
ఇవాళ పొద్దున జల్లెడేసి చూశానండీ. అంచున తూనీగ పిల్లలు మూడు దొరికాయి, ఒకటి నా వేలు కూడా పట్టుకోబోయింది. దోమలు మాత్రం ఎక్కువ లేస్తోంది డెక్క మేటలేసిన మూల నుంచే.

పాత మాస్టారు:
అదీ సంగతి. మాన్సోనియా అని ఓ రకం దోముంది, దాని పిల్ల గాలికి పైకి కూడా రాదు, డెక్క వేళ్ళకి గుచ్చుకుని అక్కడే పీలుస్తుంది. ఆ గుబుర్లో చేపకి చిక్కేది తక్కువే. ముందు డెక్క తీయించండి.

కొల్లేటి బుల్లోడు:
తీయించాలంటే జేసీబీకీ కూలీలకీ డబ్బులెవరిస్తారు మాస్టారూ?

గట్టు మీద కొంగ:
చేపపిల్లలైతే ఫ్రీ మరి 😀