పోగుబంధం (ఇక్కత్) బట్టకు విదేశీ కొనుగోలుదారు పెట్టిన షరతులు: ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

ప్రశ్న (పోచంపల్లి నుంచి):
మాకు ఇంట్లో మూడు మగ్గాలున్నాయి. జర్మనీకి చెందిన ఒక కొనుగోలుదారు నూలు ఇక్కత్ దుపట్టాలు అడుగుతూ, నిషేధిత అజో రంగులు (కృత్రిమ అద్దకపు రంగుల్లో ఒక రకం) లేవని ప్రయోగశాల పత్రం ఇవ్వాలనీ, పువ్వుల అంచులు ఎక్కడా చెదరకూడదనీ షరతు పెట్టారు. చిటికి కట్టి (రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి) అద్దిన నూలు మగ్గం మీద వెంట్రుకవాసి జరిగినా అంచు మసకబారుతుంది. ఇక్కడ కొనేవారు ఆ మసకను చూసే అసలు సరుకని గుర్తుపడతారు. ఆయనేమో దానినే లోపమంటున్నారు. పైగా ఇదే పువ్వును ప్రింటు వేసి చవకగా అమ్ముతున్నారు. మన పోచంపల్లి పేరుకున్న భౌగోళిక గుర్తింపు (జీఐ) అక్కడ చెల్లదా?

జవాబు 1 (రంగుల అద్దకం పనివారు):
రంగుల షరతు మీద బేరమాడకండి. అజో రంగులన్నీ నిషిద్ధం కావు. క్యాన్సర్ కారకమైన అమైన్లనే రసాయనాలను విడుదల చేసేవే నిషిద్ధం. వాటిని మన ప్రభుత్వం కూడా 1997లోనే నిషేధించింది. ఐరోపా సమాఖ్యలో ఒక్కో అమైన్‌కు పరిమితి కిలో బట్టకు 30 మిల్లీగ్రాములు. పొట్లాలలో విడిగా అమ్మే రంగు కొంటే, ఒక్క ఎరుపు తేడా చేసినా సరుకంతా వెనక్కి వస్తుంది. అయినా ఆ రంగునీళ్లలో మోచేతుల దాకా ముంచేది మన ఇంటివాళ్లే కదా.

జవాబు 2:
1999 నాటి మన భౌగోళిక గుర్తింపు చట్టం 2003లో అమలులోకి వచ్చింది. దాని రక్షణ దేశం లోపలే. అదీ ఊరి పేరుకే గాని పువ్వు డిజైనుకు కాదు, కాబట్టి పోచంపల్లి పేరు వాడకుండా ప్రింటు అమ్మేవారిని ఆ చట్టం కింద ఆపడం కష్టం. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం కూడా అదనపు రక్షణను వైన్లకు, మద్యాలకే ఇచ్చింది; నేతబట్ట ఆ వరుసలో లేదు. అయితే చేతివృత్తుల ఉత్పత్తుల కోసం ఐరోపా చేసిన ప్రత్యేక నియమావళి 2025 డిసెంబరు 1 నుంచి అమలవుతున్నది, బయటి దేశాల ఉత్పత్తిదారుల సంఘాలు కూడా దాని కింద దరఖాస్తు చేయవచ్చు. అది ఒక్క ఇంటివల్ల అయ్యేది కాదు, చేనేత సహకార సొసైటీని కదిలించండి.

జవాబు 3 (పుట్టపాక నుంచి):
కొనేవారి అభిరుచికి నేయడం మనకు కొత్త కాదు. ఎరుపు, నలుపు, తెలుపుల తేలియా రుమాళ్లు (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ బట్టలు) ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. కానీ "చెదరకూడదు" అన్న మాటకు కొలత లేదు. అంచు ఎన్ని మిల్లీమీటర్ల వరకు చెదరవచ్చునో ఆర్డరులోనే రాయించండి. నమూనా ముక్కను రెండుగా కోసి, సంతకాలు పెట్టి, చెరో సగం దాచుకోండి. మాకు మూడు మిల్లీమీటర్ల దగ్గర బేరం కుదిరింది.

ప్రశ్న అడిగినవారు:
రేపే నమూనాకు చిటికి కడతాము. ఇప్పుడే చూశాను, మా ఎరుపు డబ్బా మీద కంపెనీ పేరే లేదు.