ఎండాకాలం నాటుకోడి పక్కన రెడ్ వైనా, వైట్ వైనా, లేక కల్లే నయమా?

పాలమూరు పల్లి
మే రెండో వారంల ఇంటికాడ దావత్. పన్నెండు మందిమి, అందరు 21 దాటినోళ్లే. నాటుకోడి కూర, మటన్ వేపుడు, చేపల పులుసు, గారెలు, జొన్నరొట్టెలు. ఈసారి విస్కీ, బీరు పక్కకు పెట్టి వైన్ తెద్దామనుకున్నం. పంచాయితీ ఎక్కడొచ్చిందంటే, సగం మంది "ముక్కకు రెడ్డే" అంటున్నరు, సగం మంది "43 డిగ్రీల ఎండల రెడ్డు ఏందిర భయ్" అంటున్నరు. బాటిల్‌కు వెయ్యి రూపాయలు దాటొద్దు. ఏది కొనాలె, ఎన్ని కొనాలె?

బత్తాయి తోట
వైటే. అది కూడ లేత తీపి ఉన్న వైట్.

"మాంసానికి రెడ్డు" అన్న మాట ఉప్పు, మిరియాలు వేసి కాల్చిన మాంసం తినే దేశాలది. ఆ పళ్లెంల మన కారం ఉండదు. రెడ్డుల వగరు ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వస్తది. ఆ వగరు నోట్ల తడిని గుంజేస్తది. కారంతోని మండుతున్న నాలుక ఎండిపోతే మంట ఇంకింత పెరుగుతది. పైంగ కారం ఏ నరాలను రేపుతదో ఆల్కహాల్ కూడ వాటినే రేపుతది. అందుకే 14 శాతం రెడ్డు తాగినంక అదే కూర రెండింతలు కారమనిపిస్తది. కూర తప్పు కాదు, వండినామెను అనొద్దు.

మంటను దించేటివి తీపి, చల్లదనం, తక్కువ ఆల్కహాల్. ఈ మూడు ఒక్క సీసల కావాలంటే చెనిన్ బ్లాంక్ అనే వైట్ చూడు. నాసిక్ సులా వాళ్ల చెనిన్ కొంచెం తీపి మీదనే ఉంటది. వేరే కంపెనీదైతే లేబుల్ మీద 'సెమీ డ్రై' అనో 'ఆఫ్ డ్రై' అనో ఉందా చూసుకో ('డ్రై' అంటే తీపి లేనిది, ఇవి లేత తీపివి). 'లేట్ హార్వెస్ట్' అని ఉంటే ముట్టకు, అది తిండి అయినంక మిఠాయితోని తాగే తీపి వైన్.

లెక్క: 750 మి.లీ. సీసకు 150 మి.లీ. గ్లాసులు ఐదు. మనిషికి రెండు అనుకుంటే 24 గ్లాసులు, అంటే ఐదు సీసలు. సీస వెయ్యి పడినా గ్లాసు 200.

రెడ్డు రాజు
తోట అన్నా, నాటుకోడి వరకు నీ మాట ఒప్పుకుంట. మటన్ వేపుడు సంగతి వేరే. అండ్ల కొవ్వుంటది, పులుపుండది, ముక్క మీద మసాలా మాడి కొంచెం చేదెక్కుతది. దాని పక్కన తీపి వైట్ పోస్తే నీళ్లు తాగినట్టే ఉంటది. మాంసంల ఉన్న కొవ్వు, ప్రొటీన్ రెడ్డు వగరును పట్టి మెత్తగ చేస్తయి, అది కూడ నిజమే కద?

జనం చేసే తప్పు రెడ్డు కొనుడుల లేదు, పోసుడుల ఉంది. "రెడ్డును రూం టెంపరేచర్ల తాగాలె" అని ఎక్కడో చదివి అల్మారల నుంచి తీసి అట్లనే పోస్తరు. ఆ రూం యూరప్ది, 16 నుంచి 18 డిగ్రీలు. నల్లగొండల మే నెల రూం 36. అంత వేడిల ముక్కుకు స్పిరిట్ వాసన తప్ప ఏం రాదు. రెడ్డును కూడ 14, 15 డిగ్రీలకు దించి పొయ్యాలె. 36 నుంచి అంతకు రావాలంటే ఫ్రిజ్‌ల దగ్గర దగ్గర మూడు గంటలు పడ్తది. ఇరవై నిమిషాలు పెట్టి తీస్తే సీస పైన చల్లగ, లోపల వెచ్చగ ఉంటది.

వేపుడుల కారం సగం తగ్గించి ఆ లోటు మిరియాల పొడితోని నింపండి. నిమ్మకాయ చివరల మాత్రమే. అప్పుడు రెడ్డు కుదురుతది. ఓక్ చెక్క పీపల పెట్టిన బరువు షిరాజ్, కాబర్నే వద్దు. తక్కువ ధరల వచ్చే తేలిక రెడ్డులే ఈ పనికి మేలు.

కృష్ణ ఒడ్డు
మెనూలో చేపల పులుసు ఉందన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. చేపతో రెడ్ తాగితే నోట్లో ఇనుప వాసన, నీచు వాసన కలిసి వస్తాయి. రెడ్ వైన్లో ఉండే ఇనుము చేప నూనెను విరగ్గొడుతుంది, ఆ వాసన దాని వల్లే. సీస ఎంత ఖరీదైనదైనా ఇదే జరుగుతుంది. సాగర్ బొచ్చె అయినా, జూరాల దగ్గర అప్పటికప్పుడు వేయించి ఇచ్చే చేప ముక్క అయినా రెడ్ పక్కన పెట్టకండి.

పులుపుకు ఒకటే లెక్క: గ్లాసులోది పళ్లెంలోదానికన్నా పుల్లగా ఉండాలి, కనీసం సమానంగానైనా ఉండాలి. చింతపండు పులుసు తిని పులుపు తక్కువున్న వైన్ తాగితే అది చప్పగా, పాచిపోయినట్టు అనిపిస్తుంది. పులుసుకు సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ సరైనది. ఆ పచ్చి వాసన, నిమ్మ పులుపు చింతపండుకు తట్టుకుంటాయి. గోంగూర మటనో, చింతచిగురు మటనో చేసినా ఇదే. అక్కడ మాంసాన్ని చూసి వైన్ ఎంచుకోవద్దు, ఆకు పులుపును చూసి ఎంచుకోండి. ఐదు సీసల్లో రెండు సావిన్యాన్, మూడు చెనిన్ అయితే సరిపోతుంది.

రెడ్డు రాజు
మరి నా రెడ్డు ఏది సార్? సున్నానా?

కృష్ణ ఒడ్డు
వేపుడు దగ్గర కూర్చునేవాళ్లకు ఒక్క సీస తీసుకోండి. ఆరోది. అంతకన్నా వద్దు.

తాటివనం
మీరంత నాసిక్ నుంచి నల్లగొండకు లారీల మగ్గిన సీసల గురించి కొట్లాడుతున్నరు. ఎండాకాలం తాటికల్లుకు అదును. పోద్దాటి కల్లు (మగ తాటిచెట్టుది) ముందు వస్తది, ఎండ ముదిరినంక పండుదాటి కల్లు (కాయలు కాసే ఆడ చెట్టుది). తోట అన్న, కృష్ణ సారు చెప్పిన గుణాలు ఒక్కసారి మళ్ల చదువుండ్రి: కొంచెం తీపి, కొంచెం పులుపు, తక్కువ మత్తు. పొద్దున దించిన కల్లుకు ఇవన్ని ఉన్నయి, పైన నురగ కూడ ఉంది. ఆల్కహాల్ నాలుగైదు శాతం. బోటి కూరకు, గుడాలకు, కారం గారెలకు దాన్ని మించింది లేదు. వెయ్యి రూపాయలు పెట్టి వేరే ఊరి నుంచి ఎందుకు తెచ్చుకోవాలె?

బత్తాయి తోట
తాటివనం తమ్మీ, నీ మాట నా మాటనే బలపరుస్తుంది. ఈ తిండికి కల్లు ఎందుకు కుదురుతదో చెనిన్ కూడ అందుకే కుదురుతది. వైన్ కొనేటోళ్లు రెడ్డు, వైట్ అని చూసుడు మాని "ఇది కల్లుకు ఎంత దగ్గరుంది" అని చూస్తే పొరపడరు. కాని దావత్‌కు కల్లుతోని రెండు తిప్పలు. మొదటిది టైం. లొట్టిల పడుతున్నప్పటి నుంచే పులుసుడు మొదలైతది, లోపల సున్నం పూస్తెనే నీరాగ నిలుస్తది. పొద్దున ఏడుకు దించింది ఈ ఎండల మధ్యాహ్నానికే పుల్లబడ్తది, రాత్రి ఎనిమిదికి దావత్ అంటే సిర్క తాగినట్టే. ఐస్ పెట్టెల పెడితే పులుపు మెల్లగైతది గని ఆగది. మూత బిగిస్తే గ్యాసుకు సీస పగుల్తది.

రెండోది కల్తీ. అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు కలిపిన కల్లు తెలంగాణల ఎన్నోసార్లు పట్టుబడ్డది. నురగ చూసో, రుచి చూసో కనిపెట్టుడు అయ్యే పని కాదు. చెట్టు కింద గౌడన్న దించంగ పోయించుకుంటెనే కల్లు. పన్నెండు మందికి సరిపడ అట్ల దొరికితే మధ్యాహ్నం భోజనానికి కల్లే పెట్టు, నేను కాదనను.

తాటివనం
పగటి దావత్ అయితే నాది, రాత్రి దావత్ అయితే నీది. సరే అన్నా. కని గుడాలు మాత్రం రాత్రికి కూడ పెట్టాలె.

పాలమూరు పల్లి
రాత్రికే. గుడాలు పెడ్తం. ఇగ షాపుల అడిగితే "ఏ సీసైనా ఒకటే సార్" అంటున్నడు. ఏం చూసి కొనాలె?

కృష్ణ ఒడ్డు
ముందు షాపును చూడాలి, సీసను తర్వాత. మన జిల్లాల్లో వైన్ పాడయ్యేది ఎక్కువగా షాపులోనే. 30 డిగ్రీలు దాటిన గదిలో నెలల తరబడి ఉంటే తాజా పండు వాసన పోయి ఉడికిన పండు, జామ్ వాసన వస్తుంది. వైట్ బంగారు రంగు దాటి గోధుమ రంగుకు తిరుగుతుంది. వేడికి లోపలి ద్రవం ఉబ్బి బిరడాను పైకి నెడుతుంది. బిరడా అంచు సీస మూతి కన్నా పైకి లేచినట్టున్నా, రేకు కింద జిగట కారినా ఆ సీస వదిలేయండి.

ముందు వరుసలో ఎండ తగిలే చోట పెట్టినవి అసలే వద్దు. ముఖ్యంగా లేత గులాబి రంగు 'రోజే' వైన్, అది తెల్ల గాజు సీసలో వస్తుంది, వెలుతురుకే వాసన మారిపోతుంది. బీరు కూలర్లో పెట్టిన సీస ఉంటే అదే అడిగి తీసుకోండి. సీస మీద ద్రాక్ష కోసిన సంవత్సరం ఉంటుంది. ఈ ధరలో వచ్చే వైట్ దాచుకునేందుకు చేసింది కాదు, రెండేళ్లు దాటినది తీసుకోవద్దు. పాతదైతే రుచి పెరుగుతుందన్న మాట ఈ ధరల వైన్‌కు చెల్లదు. తిప్పుడు మూత చూసి చవక సరుకు అనుకోకండి, వైట్‌కు మన ఎండల్లో బిరడా కన్నా అదే నమ్మకం.

కొన్నాక కారు డిక్కీలో వదిలేసి కూరగాయలకు పోవద్దు. మే నెలలో ఆ డిక్కీ 60 డిగ్రీల దాకా పోతుంది, షాపువాడు చెయ్యని పాడు మీరు చేసినట్టవుతుంది.

మూసీ గట్టు
కరెంటు పోతే? మాకాడ సాయంత్రం గంటసేపు పోతది.

రెడ్డు రాజు
చివరి నిమిషంల ఫ్రిజ్ మీద ఆధారపడకుండ్రి. 36 డిగ్రీల సీస 9కి రావాలంటే ఫ్రిజ్‌ల ఐదు గంటలు పడ్తది, అందుకే ముందు రాత్రే పెట్టాలె. అత్యవసరమైతే బకెట్ల సగం ఐస్, సగం నీళ్లు, రెండు గుప్పెళ్ల గల్లుప్పు. సీస మెడదాక మునగాలె. అరగంటల తయార్. ఉత్త ఐస్ పోస్తే గడ్డకు గడ్డకు నడుమ గాలే ఉంటది, సీసకు చల్లదనం అందది. నీళ్లు కలిపితెనే చుట్టూ తాకుతది. ఉప్పు ఆ నీళ్లను సున్నా కన్న కిందికి దింపుతది.

డీప్ ఫ్రీజర్ల పెట్టి మర్చిపోయిండ్రా, పగులుడే. వైన్ మైనస్ ఐదారు డిగ్రీలకు గడ్డకడ్తది, ఇంట్ల ఫ్రీజర్ మైనస్ 18 ఉంటది. బుడగల వైన్ అయితే ఇంకా ప్రమాదం, లోపల ముందే ఒత్తిడి ఉంటది.

తడి గోనెసంచి చుట్టి గాలి తగిలే చోట పెట్టుడు కూడ మన దిక్కు పనిచేస్తది, ఎందుకంటే గాలిల తేమ తక్కువ. కని అది 25 దాకే దించుతది. ఐస్ వచ్చేదాక సీసను కాపాడుతది, తాగేంత చల్లగ చెయ్యది.

మూసీ గట్టు
గ్లాసులనే ఐస్ గడ్డలు వేస్తె ఏమైతది? తప్పా?

బత్తాయి తోట
పెద్ద గడ్డ ఒకటి 20, 25 గ్రాములు ఉంటది. 150 మి.లీ. గ్లాసుల అది కరిగితే ఆరో వంతు నీళ్లు కలిపినట్టు. తీపి ఉన్న చెనిన్ తట్టుకుంటది, డ్రై సావిన్యాన్ పలచబడ్తది. గింజలేని ద్రాక్షపండ్లు ముందు రాత్రి ఫ్రీజర్ల పెట్టి గ్లాసుకు ఐదారు వేస్తె చల్లగుంటది, నీళ్లు కలవయి. ఇంకో మాట: గ్లాసు నింపకండి. సగం సగం పోసి సీసను మళ్ల బకెట్ల పెట్టుండ్రి, నిండ పోసింది సగం తాగే లోపల వేడెక్కుతది.

పన్నెండు మందిల వైన్ అలవాటు లేనోళ్లు ఉంటరు కద, వాళ్లకు బత్తాయి వేసి కలపండి. ఒక వైట్ సీస, గట్టిగ పండిన కొల్లాపూర్ మామిడి ముక్కలు 200 గ్రాములు, చక్కెర రెండు చెంచాలు. రెండు గంటలు ఫ్రిజ్‌ల. పోసే ముందు 200 మి.లీ. బత్తాయి రసం, 300 మి.లీ. చల్ల సోడ. 12.5 శాతం వైన్ అయితే కలిపినంక ఏడున్నర శాతానికి వస్తది. బత్తాయి రసం అప్పటికప్పుడే పిండాలె, పొద్దున పిండి పెట్టొద్దు. పిండంగ తియ్యగ ఉన్న రసం కాసేపటికి చేదెక్కుతది. రసంల ఉన్న పదార్థం ఒకటి పులుపుకు మెల్లగ లిమోనిన్‌గ మారి చేదిస్తది, చక్కెర పోసినా పోదు. గింజలు నలగకుండ, తెల్ల తొక్క గీకకుండ చేత్తోనే పిండుండ్రి. జ్యూస్ మిషన్ల వేస్తె చేదు ఇంకా జల్ది వస్తది.

రెడ్డు రాజు
తక్కువ పైసలంటే పోర్ట్ వైన్ పేరు ఎవరు తియ్యలే.

కృష్ణ ఒడ్డు
మన దగ్గర ఆ పేరుతో చవకగా అమ్మేది తీపి ఎక్కువున్న రెడ్. కోడి కూర పక్కన పాకం తాగినట్టుంటుంది. 60 మి.లీ.కి 120 సోడా, అర చెక్క నిమ్మరసం, చాలా ఐస్ వేసి వేయించిన పల్లీలతో అయితే పర్వాలేదు. భోజనంతో వద్దు.

పాలమూరు పల్లి
అయితే చెనిన్ మూడు, సావిన్యాన్ రెండు, తేలిక రెడ్డు ఒకటి. చెనిన్‌ల ఒకటి బత్తాయికి. మిగిలితే దాచొచ్చా?

కృష్ణ ఒడ్డు
మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, వైట్ మూడు రోజులు ఉంటుంది. పడుకోబెడితే గాలి తగిలే మేర పెరుగుతుంది. మూడు రోజులు దాటితే కోడి మాంసం నానబెట్టడానికి వాడేయండి, కిలోకు 100 మి.లీ. చాలు, పెరుగు సగానికి తగ్గించండి.

తాటివనం
గ్లాసు గ్లాసుకు నడుమ ఒక చెంబు నీళ్లు పెట్టుండ్రి. ఈ ఎండల పన్నెండు మందిల ఒక్కడన్న దాహానికి వైన్ తాగుతడు.