ద్రాక్ష పండించిన నాన్న, మోకాళ్ల నొప్పుల అమ్మ: పోర్టో వెళ్లొచ్చా?

మేడ్చల్_పిల్ల

అందరికీ నమస్తే. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాను. అమ్మానాన్న ఆగస్టు చివర్లో వస్తున్నారు, రెండు నెలలు ఉంటారు. పారిస్, స్విట్జర్లాండ్ ఎలాగూ ఉన్నాయి గానీ నాకు పోర్చుగల్‌లోని పోర్టో చూపించాలని చాలా ఉంది. కారణం నాన్న. మేడ్చల్ దగ్గర మాకు మూడెకరాల ద్రాక్ష తోట ఉండేది, ముందు అనాబ్‌షాహి, తర్వాత థాంసన్, అంతా పందిరి మీదే. బోర్లు ఎండిపోయి తోట తీసేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎక్కడైనా పందిరి కనిపిస్తే బండి ఆపించి దిగి చూస్తాడు.

ఇబ్బంది ఏంటంటే ఇంట్లో ఎవరూ మందు ముట్టరు. పోర్టో అంటే వైన్ కదా, తాగని వాళ్లకి అక్కడ ఏం పని అని మా పెదనాన్న కొడుకు అంటున్నాడు. ఇంకోటి, అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు, ఊరు నిండా ఎత్తుపల్లాలే అని చదివాను. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. నాలుగు రోజులు సరిపోతుందా? వెళ్లి వచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

డోరో_గట్టు

నేను పోర్టోలో ఆరేళ్లుగా ఉంటున్నాను. తప్పకుండా తీసుకురండి. మీ అన్నయ్య మాటకి ముందు జవాబు చెప్తాను: నేనూ తాగను, అయినా ఇంటికి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ ఆ వైన్ గిడ్డంగులకి తీసుకెళ్తాను, ఎందుకంటే ఈ ఊరు ఎలా బతికిందో అక్కడే అర్థమవుతుంది. అవి పోర్టోలో ఉండవు, డోరో నదికి అవతలి ఒడ్డున విలా నోవా ద గాయాలో ఉంటాయి. ద్రాక్ష పండేది అక్కడికి వంద కిలోమీటర్ల ఎగువన, ఎండాకాలం 40 డిగ్రీలు దాటే లోయలో. ఆ వేడికి సరుకు పాడవుతుందని, సముద్రం గాలికి చల్లగా ఉండే గాయాలో దాచేవాళ్లు. రబేలో అనే బల్లపరుపు పడవల్లో పీపాలు ఎక్కించి నది మీద దించేవాళ్లు. ఆ పడవలు ఇప్పటికీ గట్టు వెంబడి కట్టి ఉంటాయి. అన్నట్టు, మనం వాడే పీపా అనే మాట ఈ పోర్చుగీసు వాళ్ల దగ్గర నుంచి వచ్చిందే, ఇక్కడ దాన్ని పీపా అనే అంటారు. మీ నాన్నగారికి చెప్పండి, గైడ్ ఆ మాట అనగానే ఆయనకే తెలిసిపోతుంది.

పోర్ట్ వైన్ ఎందుకు తియ్యగా ఉంటుందో కూడా అక్కడ చూపిస్తారు. రసం పులుస్తుండగా రెండు మూడు రోజులకే ద్రాక్ష నుంచి తీసిన 77 శాతం ఘాటు సారా కలుపుతారు, పులిసే పని ఆగిపోతుంది, మిగిలిన చక్కెర అలాగే ఉండిపోతుంది. పాత లెక్క ప్రకారం 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా, కలిపితే 550 లీటర్లు, అదే ఒక పీపా. రుచి చూడమని గ్లాసులు పెడతారు, బలవంతం ఏమీ లేదు. టికెట్ తీసుకునేటప్పుడే మేం తాగం అని చెప్తే కొన్ని చోట్ల ద్రాక్షరసం ఇస్తారు.

ఇక మోకాళ్ల సంగతి. ఎత్తుపల్లాలు నిజమే, పైగా రాళ్లు పరిచిన వీధులు, వాన పడితే జారతాయి. కానీ మెట్లు దాదాపు లేకుండా తిరిగే దారి ఒకటి ఉంది, మా అత్తయ్య వచ్చినప్పుడు అలాగే తిప్పాను. సావ్ బెంతో స్టేషన్ హాలుతో మొదలుపెట్టండి, గోడల మీద దాదాపు 20,000 నీలం తెలుపు పలకలతో వేసిన బొమ్మలున్నాయి, అమ్మని అక్కడే ఒక అరగంట కూర్చోబెట్టి చూపించండి. అక్కడి నుంచి మెట్రో డి లైన్ ఎక్కితే ఒకే ఒక్క స్టాపు, జార్దిం దు మోర్రు. ఆ ఒక్క స్టాపులోనే మెట్రో లూయిస్ వంతెన పై అంతస్తు మీద నదిని దాటుతుంది, కిటికీలోంచి లోయ మొత్తం కనిపిస్తుంది. 1886లో తెరిచిన ఇనుప వంతెన అది, గుస్తావ్ ఈఫిల్ దగ్గర పనిచేసి బయటికి వచ్చిన థియోఫిల్ సెయ్రిగ్ గీసిన నమూనా. అవతల దిగాక పక్కనే కేబుల్ కారు, అది మిమ్మల్ని గాయా గట్టుకి దించుతుంది, గిడ్డంగులు అక్కడే. చూశాక ఆరు వంతెనల పడవ ఎక్కండి, సుమారు 50 నిమిషాలు. తిరిగి పోర్టో ఒడ్డున ఉన్న రిబైరా వైపు వచ్చాక కొండ ఎక్కక్కర్లేదు, వంతెన పక్కనే గిందాయిష్ ఫ్యునిక్యులర్ అనే కొండెక్కే తాడు రైలు ఉంది, కూర్చుంటే పైకి లాగేస్తుంది.

రిబైరాలో వంతెన దగ్గర గోడకి చిన్న కంచు పలక ఒకటి ఉంటుంది, కింద ఎప్పుడూ కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. చాలామంది సెల్ఫీలు తీసుకుంటూ దాన్ని చూడకుండా దాటిపోతారు. 1809 మార్చి 29న ఫ్రెంచి సైన్యం ఊళ్లోకి వస్తుంటే జనం అప్పటి పడవల వంతెన మీదుగా పారిపోబోయారు, అది తెగి వేలమంది నదిలో పోయారు. వాళ్ల జ్ఞాపకం అది. ఒక్క నిమిషం ఆగండి.

అరటిదూట

తిండి సంగతి నేను చెప్తాను, మా అమ్మగారు కూడా గుడ్డు తినరు. నిజం చెప్పాలంటే హోటళ్లలో కష్టం. ఊరికి పేరు తెచ్చిన వంటలు ఫ్రాన్సెసిన్యా అనే మాంసం శాండ్‌విచ్, పేగుల కూర, ఎండబెట్టిన చేప, అన్నీ మాంసమో చేపో. కాల్దు వెర్ద్ అని ఆకుకూర సూపు ఉంటుంది, చూడటానికి మన వంటలా ఉంటుంది గానీ అందులో సాసేజ్ ముక్క వేస్తారు, మాంసం ఉడికించిన నీళ్లు కూడా పోస్తారు, అడగకుండా తాగనివ్వకండి. మా అమ్మకి నచ్చింది మాత్రం అన్నం! ఈ దేశంలో అన్నం బాగా తింటారు, టమాటా అన్నం, చిక్కుడు గింజల అన్నం అని విడిగా దొరుకుతాయి. "సెం కార్న్, సెం పెయిష్" అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. చిక్కుడు అన్నంలో కూడా మాంసం ఉందేమో అడగండి. కూర్చోగానే అడగకుండా రొట్టె, ఆలివ్‌లు తెచ్చి పెడతారు, అవి ఉచితం కాదు, తింటే బిల్లులో వేస్తారు, వద్దంటే తీసుకెళ్లిపోతారు, అందులో మొహమాటం ఏమీ లేదు.

నా సలహా, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, బొల్యావ్ మార్కెట్‌కి దగ్గరగా అయితే మరీ మంచిది. కొన్నేళ్లు మరమ్మతు చేసి 2022లో మళ్లీ తెరిచారు. అమ్మ వెళ్తే కూరగాయల దగ్గరే గంట గడిపింది. అక్కడ పైనాపిల్ మీద "అననాష్" అని రాసి ఉంటే, ఇది మన అనాసే కదే అని ఆవిడ ఎంత సంతోషపడిందో. పచ్చడి, కందిపొడి మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచే తెచ్చుకోండి.

పలకరాయి

మీరు అందరూ ఊరి గురించే చెప్తున్నారు. ద్రాక్ష రైతుని తీసుకొచ్చి తోట చూపించకపోతే ఎలా? నాలుగు రోజుల్లో ఒక రోజు పూర్తిగా డోరో లోయకి పెట్టండి. రైలు ఎక్కి పిన్యావ్‌లో దిగండి, సుమారు రెండున్నర గంటలు. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి, సగం దారి తర్వాత పట్టాలు నీళ్ల పక్కనే వెళ్తాయి. 65 దాటినవాళ్లకి టికెట్ సగం ధరే, వయసు కోసం పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. పిన్యావ్ స్టేషన్ గోడలమీదే పాత కోతల బొమ్మలున్నాయి, స్టేషన్‌కి నడిచే దూరంలో తోటలున్నాయి, ముందే బుక్ చేయాలి.

మాది కూడా వ్యవసాయ కుటుంబమే, అందుకని నాకు అక్కడ కన్ను పడిందంతా నేల మీదే. మట్టి లేదండి! పలకలు పలకలుగా చీలే షిస్ట్ రాయి, దాన్ని పగలగొట్టి కొండని మెట్లుగా చెక్కి, ఆ రాళ్లతోనే సున్నం లేకుండా గోడలు కట్టారు. వేర్లు ఆ చీలికల్లోంచి లోతుకి దిగి తడి వెతుక్కుంటాయి, పాత తోటలకి డ్రిప్ లేదు, బోరు లేదు. పందిరి కూడా ఉండదు, తీగ నడుము ఎత్తులో ఉంటుంది. ఇంకోటి మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి, మన దగ్గర తోటకి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి రెండు కత్తిరింపులు కదా, అక్కడ చలికి ఆకు రాలి తీగ నిద్రపోతుంది, ఆ చలికాలంలో ఒక్కటే కత్తిరింపు.

మధ్యమధ్యలో కొన్ని మెట్లు పాడుబడి పొదలు పట్టి కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా అనే వేరు పురుగు తోటలన్నీ తినేసింది, ఆ నేలల్లో కొన్నిటిని మళ్లీ ఎవరూ వేయలేదు. మిగతావి ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేర్ల మీద అంటుకట్టి నిలబెట్టుకున్నారు. తోట తీసేసిన మనిషి ఆ పాడుబడ్డ మెట్లని మనకంటే వేరుగా చూస్తారు, పక్కనే ఉండండి. ఈ లోయలో పండిందే పోర్ట్ అని ప్రభుత్వం గీత గీసింది 1756లో, ఆ తర్వాత హద్దురాళ్లు పాతారు.

సెప్టెంబర్ మధ్య నుంచి కోతలు ఉంటాయి, కుదిరితే అప్పుడే వెళ్లండి.

మేడ్చల్_పిల్ల

ఇంత రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. మెట్రో, కేబుల్ కారు దారి అమ్మకి చదివి వినిపించాను, టెన్షన్ సగం తగ్గింది. నాన్నకి ఫోన్‌లో ఒక్క కత్తిరింపే అని చెప్పగానే కాసేపు మాట్లాడలేదు, తర్వాత వరుసగా ప్రశ్నలు: వరుసకీ వరుసకీ ఎంత ఎడం, ఎకరానికి ఎంత వస్తుంది, కూలీలు ఎక్కడినుంచి వస్తారు. నాకేం తెలుసు నాన్నా, నువ్వే అడుగు అన్నాను. సెప్టెంబర్ మూడో వారానికి టికెట్లు చూస్తున్నాను. పలకరాయి గారూ, కోతల టైంలో తోట లోపలికి నిజంగా రానిస్తారా, లేక గేటు దగ్గర నుంచే చూడాలా?

పలకరాయి

రానిస్తారు, కొన్ని తోటల్లో కోతల రోజులకి విడిగా బుకింగ్ పెడతారు, గుత్తులు కోయనిస్తారు కూడా. మెయిల్‌లో మా నాన్న ద్రాక్ష రైతు అని ఒక్క ముక్క రాయండి. నేను వెళ్లినప్పుడు మాది వ్యవసాయం అని చెప్తే అక్కడి పెద్దాయన టూరు మధ్యలో ఆపి, నన్ను వరుసల్లోకి తీసుకెళ్లి, ఒక రాయి ఎత్తి దాని కింద వేరు చూపించాడు. ఆయనకి ఇంగ్లిష్ రాదు, నాకు పోర్చుగీసు రాదు.