టార్చి వెలుగులో ‘పచ్చజీర’: ఏ పచ్చ?

ప్రశ్న: తెల్ల ఎల్‌ఈడీ టార్చిల మీద ఒక వ్యాసం రాస్తున్నానండీ. తెల్లగోడ మీద పక్కపక్కన వేస్తే ఒకటి నీలంగా, ఒకటి కాస్త పచ్చగా, మరొకటి గులాబీగా ఉంటుంది. పేరుకు అన్నీ తెల్ల లైట్లే. టింట్ అనే ఈ గుణానికి ‘పచ్చజీర’ అని రాస్తే ఎడిటరు గారు ‘పచ్చచాయ’ అని దిద్దారు. ఏది సరి?

జవాబు: జీర అంటే సన్నటి గీత కదా. కంట్లో ఎర్రజీర అంటాం. టింట్ వెలుగంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి చాయే నయం. నీడ అనే అర్థం కూడా ఉందంటారేమో, ‘చామనచాయ’ అన్నప్పుడు ఎవరికీ నీడ గుర్తురాదు.

ఇంకొకరు: ‘వన్నె’ ఎలా ఉంటుంది?

జవాబు: వన్నెలో మెచ్చుకోలు ఉంది. వద్దనుకునే రంగుకు ఆ మాట వాడబుద్ధి కాదు.

మరొకరు: జీరా చాయా అన్నది చిన్న సంగతి. అసలు చిక్కు ‘పచ్చ’తో. పచ్చకామెర్లలో అది పసుపు, పచ్చగడ్డిలో ఆకుపచ్చ. మామూలుగా సందర్భం తేల్చేస్తుంది, టార్చి దగ్గర తేల్చదు. ఎందుకంటే తెల్ల ఎల్‌ఈడీలో నిజానికి ఉన్నది నీలి చిప్, అది వదిలే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు. దాని మీద ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలంలో కొంత ఆ పూత మింగి పసుపుగా వదులుతుంది. మిగిలిన నీలం దానితో కలిస్తే మన కంటికి తెలుపు. వెలుగు రంగు తెలపడానికి టార్చి మీద రాసే కెల్విన్ అంకె చెప్పేది ముఖ్యంగా ఈ నీలం, పసుపుల మధ్య మొగ్గునే: 3000 అయితే పసుపు వైపు, 6500 అయితే నీలం వైపు. ఆకుపచ్చకో గులాబీకో జరగడం పూర్తిగా వేరే దిక్కు. దానికి డీయూవీ అని ఇంకో అంకె ఉంది, సున్నాకు పైనైతే ఆకుపచ్చ, కిందైతే గులాబీ. రెండు టార్చిల మీదా 5000 కెల్విన్ అనే రాసి ఉన్నా, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి గులాబీగా ఉండొచ్చు. అంకె అబద్ధమేమీ కాదు. కొన్ని టార్చిల్లో వెలుగు తగ్గించేకొద్దీ ఆకుపచ్చ పెరుగుతుంది కూడా. ఇప్పుడు చెప్పండి, ‘పచ్చచాయ’ అని చదివినవారు దేన్ని అనుకోవాలి?

మాటల కరువేం లేదు. పసిమి ఉంది, పసరు ఉంది. పచ్చ, పసుపు, ఇవి రెండూ ఒకే ధాతువు పిల్లలు. తమిళంలో ‘పసుమై’ అంటే ఆకుపచ్చే. మనకు మాత్రం పసిమి పసుపు వైపు, పసరు ఆకు వైపు స్థిరపడ్డాయి. పసిమిచాయ, పసరుచాయ అని రాసి చూడండి.

ఇంకొకరు: పసరు అనగానే చేదు మందు గుర్తొస్తుందండీ.

జవాబు: రానివ్వండి. టార్చి ప్రియులకు ఆ రంగు మీద ఎలాగూ సదభిప్రాయం లేదు.

ప్రశ్న వేసినవారు: మరి గోడ మీద పడ్డ వెలుగులో నడుమ ఒక రంగు, చుట్టూ పసుపు వలయం కనిపిస్తే?

జవాబు: కిరణం నిటారుగా వస్తే పూతలో తక్కువ దూరం, ఏటవాలుగా వస్తే ఎక్కువ దూరం పోతుంది. అందుకే పసుపు అంతటా సమంగా పడదు. ఆ వలయానికి మీ ‘జీర’ను నిక్షేపంగా వాడుకోవచ్చు. ఒక్క మాట: ఒకే టార్చిని కాసేపు చూస్తే కన్ను దానికే అలవాటుపడి అదే తెలుపు అనుకుంటుంది. ‘ఇది పసరుచాయ’ అని ఊరుకోకుండా ‘దానికంటే ఇది పసరు’ అని రాస్తేనే వాక్యం నిలబడుతుంది.

మరొకరు: గులాబీ కలిసిన తెలుపుకు సంస్కృతంలో మాట ఉంది. ‘శ్వేతరక్తస్తు పాటలః’ అంటుంది అమరకోశం. పసుపు తగిలిన తెలుపు పాండువు. పసరు తగిలిన తెలుపుకు మాత్రం అక్కడ విడిగా పేరు లేదు.

జవాబు: టార్చి వ్యాసానికి గులాబీచాయ చాలండీ. పాటలం అంటే సగంమంది పాట అనుకుంటారు.